రెండు వాక్యాలూ మిగలాలి

వేదమంత్రాలకు అర్థమే లేదని వాదించిన కౌత్సుడనే ఆచార్యుని పూర్వపక్షాన్ని యాస్కుడు, వేదపదాల అర్థాలను వివరించే తన నిరుక్తం మొదటి అధ్యాయంలోనే, ఏమీ దాచకుండా, ఒక్కొక్క ఆక్షేపణగా విడదీసి మన ముందు పెట్టాడు. మంత్రాలు ఒకదానితో ఒకటి విరోధిస్తాయన్నది వాటిలో ఒకటి. ‘రుద్రుడు ఒక్కడే ఉన్నాడు, రెండవవాడు లేడు’ అని ఒకచోట ఉంటే, ‘భూమి మీద లెక్కకందనన్ని వేల రుద్రులున్నారు’ అని మరొకచోట ఉంది. ‘ఇంద్రా, నీవు శత్రువు లేనివాడవై పుట్టావు’ అని ఒక మంత్రం అంటుంది. ఇంద్రుడు నూరు సేనలను ఒక్కపెట్టున జయించాడని మరొకటి అంటుంది. శత్రువే లేనివాడు ఎవరి సేనలను జయించినట్టు? ఈ ప్రశ్న వేసినవాడు వేదబాహ్యుడు కాడు. వేదాన్ని అక్షరం పొల్లుపోకుండా వల్లెవేసిన వాళ్ల మధ్యనే ఈ ప్రశ్న పుట్టింది.

మత గ్రంథాలలోని వైరుధ్యాల గురించి నేడు సాగే వాదోపవాదాలను చూస్తే, ఈ ఆక్షేపణలన్నీ ఎవరో విమర్శకులు నిన్నగాక మొన్న కనిపెట్టినట్టు అనిపిస్తుంది. ఒక పక్షం వైరుధ్యాల పట్టికలు తయారుచేస్తుంది, రెండవ పక్షం ఆ పట్టికలోని ప్రతి పద్దుకూ ఒక జవాబు తయారుచేస్తుంది. పైకి బద్ధవిరోధులుగా కనిపించే ఈ రెండు పక్షాలకూ ఒక విషయంలో పూర్తి ఏకాభిప్రాయం ఉంది: ఒక్క వాక్యం మరొక వాక్యంతో పొసగకపోతే గ్రంథం మొత్తం కూలిపోతుందని ఇద్దరూ నమ్ముతారు. అందుకే ఒకరు కూల్చడానికీ, ఒకరు నిలబెట్టడానికీ అంత ఆవేశపడతారు. నాకు ఆ నమ్మకం మీదనే అనుమానం. వందల ఏళ్లుగా పోగుపడిన ఏ గ్రంథాన్నైనా చదివేవాడు కొంత సమన్వయం చేసుకోక తప్పదు. ఆ సమన్వయం ముగిశాక రెండు వాక్యాలూ ఇంకా ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాయా, లేక ఒకదాని నోరు మూయించారా అన్నదే నేను చూసేది.

యాస్కుడు కౌత్సునికి ఇచ్చిన జవాబు చాలా చిన్నది. లోకంలో మాట్లాడే మాటల్లో కూడా ఇలాగే ఉంటుంది కదా అన్నాడు: ‘ఈ బ్రాహ్మణునికి ప్రతిస్పర్థి లేడు’ అంటాం, ‘ఈ రాజుకు శత్రువు లేడు’ అంటాం. అలా అన్నందువల్ల ఆ రాజు ఏనాడూ యుద్ధం చేయలేదని ఎవరూ అనుకోరు. స్తుతికి ఉన్న మర్యాద వేరు, జాబితాకు ఉన్న మర్యాద వేరు. ఈ జవాబులో రెండు మంత్రాలకూ నష్టం లేదు. శత్రువు లేకపోవడం ఇంద్రుని ఆధిక్యాన్ని చెబుతుంది, సేనలను జయించడం అతని పరాక్రమాన్ని చెబుతుంది. పట్టికల్లో కనిపించే వైరుధ్యాలలో చెప్పుకోదగ్గ భాగం ఈ ఒక్క జవాబుతోనే తీరిపోతుందని నా అభిప్రాయం.

ఇటువంటిదే మరొకటి ఇస్లామీయ సంప్రదాయంలో ఉంది. ఖుర్‌ఆన్‌లో తనకు కొన్ని పొసగని సంగతులు కనిపిస్తున్నాయని ఒక మనిషి ప్రవక్త సహచరుడైన ఇబ్న్ అబ్బాస్ దగ్గరికి వచ్చి అడిగినట్టు బుఖారీ హదీసు సంకలనంలో, అంటే ప్రవక్త గురించీ ఆయన సహచరుల గురించీ ఉన్న ఉల్లేఖనాల కూర్పులో, ఉంది. తీర్పుదినాన బంధుత్వాలుండవు, ఒకరినొకరు అడగరు అని 23వ సూరా (అధ్యాయం)లోని 101వ ఆయతు (వచనం) చెబుతుంది. ఒకరి వైపు ఒకరు తిరిగి ప్రశ్నించుకుంటారని 37వ సూరాలోని 27వ ఆయతు చెబుతుంది. మొదటిది తొలి శంఖారావ సమయాన జరిగేది, రెండవది ఆ తరువాతి శంఖారావం పిమ్మట జరిగేది అని ఇబ్న్ అబ్బాస్ సమాధానం. ఈ సమాధానం అందరినీ ఒప్పించకపోవచ్చు. కానీ అడిగినవాణ్ణి ఆయన గద్దించి పంపలేదు, ఆ ప్రశ్నను నమోదు చేసినవాళ్లు సిగ్గుపడనూ లేదు.

కొన్ని వైరుధ్యాలు పొరపాటున దొర్లినవి కావు, కావాలని పక్కపక్కన కూర్చినవి. బైబిలు సామెతల గ్రంథం 26వ అధ్యాయం 4వ వచనం, మూర్ఖునికి వాని మూర్ఖత్వాన్ని బట్టి జవాబు చెప్పవద్దంటుంది, చెబితే నువ్వూ వానివంటి వాడివవుతావని. 5వ వచనం, మూర్ఖునికి వాని మూర్ఖత్వాన్ని బట్టే జవాబు చెప్పమంటుంది, చెప్పకపోతే వాడు తనను తాను జ్ఞానిననుకుంటాడని. ఈ రెండింటినీ ఒకదాని కింద ఒకటి పెట్టిన సంకలనకర్తకు అవి విరుద్ధమని తెలియదనుకోవడం అమాయకత్వం. అయినా యూదు పండితుల ధర్మచర్చల సంకలనమైన తల్మూద్ రచన నాటికే ఈ జంట పండితులను ఇబ్బంది పెట్టింది. మాటలు పరస్పరం విరోధిస్తున్నాయి గనుక సామెతల గ్రంథాన్ని చలామణీ నుంచి తప్పించాలని కూడా వాళ్లు తలపోశారని అందులో ఉంది. చివరకు ఒక వచనం ధర్మశాస్త్ర విషయాలకూ, మరొకటి లోకవ్యవహారాలకూ వర్తిస్తాయని సర్దుబాటు చేసుకున్నారు. ఈ సర్దుబాటు నాకు రుచించదు. మూర్ఖునితో వాదించినా నష్టమే, వాదించకపోయినా నష్టమే అని ఆ రెండు వచనాలు కలిసి చెబుతున్న చేదు నిజాన్ని అది రెండు ముక్కలు చేసి, చెరొక విభాగానికి పంపించింది.

భగవద్గీత 9వ అధ్యాయంలో కృష్ణుడు ‘భూతాలన్నీ నాయందున్నాయి’ అని 4వ శ్లోకంలో అని, 5వ శ్లోకం మొదట్లోనే ‘భూతాలు నాయందు లేవు, నా యోగమహిమ చూడు’ అంటాడు. ఇక్కడ వైరుధ్యాన్ని విప్పదీస్తే శ్లోకానికి పట్టుకొమ్మే పోతుంది. ఇదే గీతలో, ఇటువంటి మాటలు వినవలసి వచ్చినవాడి అవస్థ కూడా ఉంది. ‘కలగాపులగంగా కనిపించే మాటలతో నా బుద్ధిని తికమక పెడుతున్నట్టున్నావు, ఏదో ఒకటి నిశ్చయించి చెప్పు’ అని అర్జునుడు 3వ అధ్యాయంలో మొరపెట్టుకుంటాడు. 5వ అధ్యాయం మొదట్లో, కర్మసన్న్యాసాన్నీ పొగుడుతావు, కర్మయోగాన్నీ పొగుడుతావు అని మళ్లీ అదే ఫిర్యాదు చేస్తాడు. వైరుధ్యాన్ని గుర్తించడం అశ్రద్ధ అనుకునేవారు ముందు అర్జునునికి జవాబు చెప్పుకోవాలి.

విధివాక్యాల దగ్గరికి వచ్చేసరికి వ్యవహారం గట్టిపడుతుంది. స్తుతిలో రెండు రకాలుగా మాట్లాడవచ్చు గాని, చేయవలసిన పని ఒకే క్షణంలో రెండు రకాలుగా చేయలేం. తర్కశాస్త్రానికి మూలగ్రంథమైన గౌతముని న్యాయసూత్రాలు రెండవ అధ్యాయంలో, వేదానికి ప్రామాణ్యం లేదనే పూర్వపక్షాన్ని అసత్యం, వ్యాఘాతం, పునరుక్తి అనే మూడు దోషాల రూపంలో ఎత్తుకుంటాయి. వ్యాఘాతానికి, అంటే పరస్పర విరోధానికి, వాత్స్యాయన భాష్యం ఇచ్చిన ఉదాహరణ అగ్నిహోత్రం గురించినది. సూర్యుడు ఉదయించాక హోమం చేయాలని ఒక విధి, ఉదయించక ముందే చేయాలని ఒక విధి, నక్షత్రాలు మాసిపోయి సూర్యుడింకా రాని సంధివేళలో చేయాలని ఒక విధి ఉన్నాయి. అంతటితో ఆగినా బాగుండేది. ఉదయించాక చేసేవాని ఆహుతిని శ్యావుడు తినేస్తాడనీ, ఉదయించక ముందు చేసేవాని ఆహుతిని శబలుడు తినేస్తాడనీ, సంధివేళలో చేసేవాని ఆహుతిని ఇద్దరూ కలిసి తినేస్తారనీ నిందావాక్యాలు కూడా ఉన్నాయి. శ్యావశబలులు కుక్కలు. మూడు వేళలు విధించి, మూడింటినీ కుక్కల పాలు చేశాక, ఇక గృహస్థు ఎప్పుడు హోమం చేయాలి?

సూత్రకారుని సమాధానం చూడండి. ఆ నింద ఏ ఒక్క వేళ మీదా కాదు. ఒక వేళను తన నియమంగా స్వీకరించి, తరువాత దానిని తప్పి మరొక వేళకు మారిన మనిషి మీద. మనుస్మృతి రెండవ అధ్యాయం కూడా, శ్రుతి, అంటే వేదం, రెండు విధాలుగా చెప్పినచోట రెండూ ధర్మమేనని అంటూ ఇదే హోమకాలాన్ని ఉదాహరించింది. ఈ సమన్వయం నాకు ఎంతో నచ్చుతుంది. మూడు విధులూ బతికాయి, మూడు నిందలకూ పని దొరికింది, పైగా ఏ ఒక్క వాక్యంలోనూ విడిగా కనిపించని ఒక విషయం, అంటే వేళ కంటే నిలకడ ముఖ్యమన్నది, అన్నింటినీ కలిపి చదివినప్పుడు బయటపడింది.

అయితే ‘రెండూ సరైనవే’ అనడం అంత చౌకగా దొరికే జవాబు కాదని అందరికంటే బాగా తెలిసినవారు వేదవిధులకు అర్థం తేల్చే మీమాంసకులు. అతిరాత్రమనే సోమయాగంలో షోడశి అనే సోమరసపు పాత్రను గ్రహించాలని ఒక వాక్యం, గ్రహించకూడదని ఒక వాక్యం ఉన్నాయి. మరే దారీ లేదు గనుక ఇక్కడ వికల్పాన్ని, అంటే ఇష్టం వచ్చినది ఎంచుకునే వీలును, ఒప్పుకున్నారు. కానీ వికల్పానికి ఎనిమిది దోషాలు లెక్కగట్టారు. ఒక వాక్యాన్ని ఎంచుకున్నప్పుడు రెండవ వాక్యానికి ఉన్న ప్రామాణ్యాన్ని వదులుకుంటాం; దానికి లేని అప్రామాణ్యాన్ని కల్పిస్తాం; మరొకసారి దానినే ఎంచుకుంటే, వదులుకున్న ప్రామాణ్యాన్ని మళ్లీ తెచ్చుకుంటాం; కల్పించిన అప్రామాణ్యాన్ని పారేస్తాం. ఒక్కొక్క వాక్యానికి నాలుగు చొప్పున మొత్తం ఎనిమిది. చదువుతుంటే ఇది చాదస్తంగా అనిపించవచ్చు. నాకు మాత్రం ఇది నిజాయితీగా రాసుకున్న ఖర్చుల లెక్కలా కనిపిస్తుంది. ‘సందర్భాన్ని బట్టి అర్థం చేసుకోవాలి’ అనే ఒక్క ముక్కతో ప్రతి చిక్కునూ దాటేసే నేటి వ్యాఖ్యాతలు, ఆ దాటవేతలో ఏ వాక్యం ఎంత పోగొట్టుకుందో ఒక్కసారైనా ఇలా లెక్క చూపిస్తే బాగుండును.

లెక్క చూపించడం అంటే ఏమిటో తెలియడానికి హింస గురించిన చర్చ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఏ ప్రాణినీ హింసించరాదని ఒక శ్రుతివాక్యం. అగ్నికీ సోమునికీ ఉద్దేశించిన అగ్నీషోమీయ పశువును ఆలంభనం చేయాలని, అంటే బలి ఇవ్వాలని, మరొక శ్రుతివాక్యం. సాధారణ నియమాన్ని విశేష నియమం బాధిస్తుందని, అంటే తోసిపుచ్చుతుందని, మీమాంసకుల మార్గం: హింస కూడదన్నది సామాన్యం, యజ్ఞంలో పశుబలి విశేషం, కనుక యజ్ఞంలో హింస దోషం కాదు. తర్కం శుభ్రంగానే ఉంది. కానీ ఈ మార్గంలో యజ్ఞశాల గడప దాటగానే మొదటి వాక్యం మూగబోతుంది. వాచస్పతి మిశ్రుడు సాంఖ్యదర్శనానికి రాసిన వ్యాఖ్య సాంఖ్యతత్త్వకౌముదిలో ఇది ఒప్పుకోలేదు. అసలు ఇక్కడ విరోధమే లేదు, విరోధం ఉంటేనే గదా బలమైనది బలహీనమైనదాన్ని బాధించేది అన్నాడు. హింసించరాదన్న వాక్యం, హింస వల్ల మనిషికి అనర్థం కలుగుతుందని చెబుతుంది. అది యజ్ఞానికి పనికిరాదని చెప్పదు. పశుబలి వాక్యం, ఆ పని యజ్ఞానికి అంగమని చెబుతుంది. దాని వల్ల మనిషికి అనర్థం కలగదని చెప్పదు. కనుక రెండూ నిజమే: పశువును చంపడం యజ్ఞాన్ని పూర్తి చేస్తుంది, చంపినవానికి పాపమూ అంటిస్తుంది. ప్రాయశ్చిత్తం చేసుకోకపోతే, స్వర్గమనే అమృతపు మడుగులో మునిగినవారు ఆ చిన్న దుఃఖాగ్ని కణాన్ని ఓర్చుకుంటారులే అని ఆయన కొసమెరుపు కూడా ఉంది.

ఈ రెండు సమాధానాలూ వైరుధ్యాన్ని తొలగిస్తాయి. మొదటిది చేసేవాని మనసుకు ఊరటనిస్తుంది, రెండవది ఊరటనివ్వదు. విహితమైన పనిలో కూడా మచ్చ ఉంటుందనే అసౌకర్యాన్ని అది అలాగే ఉంచింది. వాచస్పతి వెనుక సాంఖ్యుల స్వపక్ష ప్రయోజనం ఉందన్నది నిజమే, వైదికకర్మ ఒక్కటే దుఃఖాన్ని పూర్తిగా పోగొట్టలేదని వాళ్లు నిరూపించాలి. అయినా రెండు వాక్యాలనూ బతకనిచ్చింది ఆయనే గనుక నా ఓటు ఆయనకే.

అంకెల తేడాలను చప్పున దాటేయవచ్చు, వాటి మీద రెండు పక్షాలూ పడే శ్రమ వృథా. ఒక్కటి చెబుతాను. యూదా రాజు అహజ్యా సింహాసనమెక్కేనాటికి 22 ఏళ్లవాడని 2 రాజుల గ్రంథం 8వ అధ్యాయం, 42 ఏళ్లవాడని 2 దినవృత్తాంతముల గ్రంథం 22వ అధ్యాయంలోని హీబ్రూ పాఠం చెబుతాయి. ఆయన తండ్రి యెహోరాము 32వ ఏట రాజై 8 ఏళ్లు పాలించి చనిపోయాడని అదే దినవృత్తాంతాలు చెబుతాయి. అంటే 40 ఏళ్ల తండ్రి చనిపోతే, ఆయన చిన్నకొడుకు 42వ ఏట రాజయ్యాడు. ప్రతులు రాసినవాడి చేతిలో అంకె మారిందంటే సరిపోతుంది. దానిని నిలబెట్టడానికి ఆ 42 ఏళ్లు మనిషివి కావు, వంశానివి అని చెప్పే సమాధానాలు నేను చదివాను. అవి విన్నాక అంకె మీద కంటే సమాధానం చెప్పినవారి మీద అనుమానం పెరుగుతుంది.

దావీదు జనాభా లెక్కల కథ అటువంటిది కాదు. ఇశ్రాయేలీయుల మీద కోపించి, వారిని లెక్కించమని దావీదును యెహోవాయే ప్రేరేపించాడని 2 సమూయేలు 24వ అధ్యాయం మొదటి వచనం చెబుతుంది. అదే కథను తిరిగి చెప్పిన 1 దినవృత్తాంతములు 21వ అధ్యాయం, ప్రేరేపించినవాడు సాతాను అంటుంది. ఇది చేతిరాత పొరపాటు కాదు. దేవుడే తప్పుకు పురికొల్పి దేవుడే శిక్షించాడని చెప్పడం తరువాతి రచయితకు మింగుడుపడలేదు. దేవుని అనుమతితో సాతాను చేశాడు గనుక రెండూ ఒకటేనని చెప్పే సంప్రదాయ సమన్వయం, రెండవ రచయిత ఎందుకు మాట మార్చాడన్న అసలు ప్రశ్నను కనబడకుండా చేస్తుంది. రెండు పాఠాలనూ విడివిడిగా ఉంచితేనే, దేవుని న్యాయం గురించి ఒక సమాజం తరతరాలుగా తనతో తాను పడిన తగువు మనకు వినిపిస్తుంది.

ఆ తగువును యూదు పండితులు చాలాసార్లు బాహాటంగానే ఒప్పుకున్నారు. తండ్రుల దోషాన్ని మూడు నాలుగు తరాల వరకు పిల్లల మీదికి రప్పిస్తానని నిర్గమకాండం 20వ అధ్యాయం; కుమారుడు తండ్రి దోషాన్ని మోయడని యెహెజ్కేలు 18వ అధ్యాయం. తల్మూద్‌లో ఒక రబ్బీ దీని గురించి, మోషే విధించాడు, యెహెజ్కేలు వచ్చి రద్దు చేశాడు అని నిర్మొహమాటంగా అన్నాడు. అదే తల్మూద్‌లో మరొక కథ ఉంది. యెహెజ్కేలు చెప్పిన బలుల వివరాలు ధర్మశాస్త్రంతో పొసగడం లేదు గనుక ఆ గ్రంథాన్ని పక్కన పెట్టేయబోతే, హనన్యా బెన్ హిజ్కియా అనే పండితుడు 300 జాడీల దీపం నూనె తెప్పించుకుని, మేడగదిలో కూర్చుని, పొసగించేదాకా లేవలేదట. అమావాస్య బలికి ఒక కోడెనా, రెండు కోడెలా అన్నటువంటి తేడాలవి. ఆయన ఏం చెప్పి పొసగించాడో ఆ కథ చెప్పదు. నూనె లెక్క మాత్రం చెబుతుంది.

అంత కష్టపడే బదులు పాఠాన్నే సరిచేస్తే పోలేదా? ఆ ప్రయత్నమూ జరిగింది. రెండవ శతాబ్దంలో తాతియను అనే క్రైస్తవుడు నాలుగు సువార్తలను కలిపి, తేడాలను సర్ది, ఒకే కథనంగా అల్లాడు. దియతెస్సరోన్ అనే ఆ గ్రంథం సిరియా సంఘాలలో చాలాకాలం నడిచింది. ఐదవ శతాబ్దంలో థియోడొరెతు అనే బిషప్పు తన పరిధిలోని సంఘాలలో 200కు పైగా ప్రతులు దొరికితే వాటిని తీయించి, వాటి చోట నాలుగు సువార్తలనూ పెట్టించానని రాసుకున్నాడు. యేసును పట్టిచ్చిన యూదా ఇస్కరియోతు ఉరి వేసుకున్నాడని మత్తయి, తలకిందులుగా పడి నడిమికి బద్దలయ్యాడని అపొస్తలుల కార్యములు చెప్పినట్టు, తేడాలు తేడాలుగానే ఉన్న కట్టను సంఘం తన గ్రంథంగా ఉంచుకుంది. థియోడొరెతు తాతియనును తప్పుడు సిద్ధాంతం పట్టినవాడిగా భావించడం కూడా అందుకు కారణమే అనుకోండి. ఫలితం మాత్రం మంచిదైంది.

ఇంతకంటే సూటిగా ఉన్న సంఘటన బుఖారీలో ఉంది. ఖుర్‌ఆన్ రెండవ సూరాలోని 234వ ఆయతు భర్త పోయిన స్త్రీకి నాలుగు నెలల పది రోజుల నిరీక్షణ విధించింది. 240వ ఆయతు ఏడాది పోషణ గురించి చెబుతుంది. రెండవది రద్దయినదని చాలామంది పండితుల మాట, రద్దు చేసినది వరుసలో ముందు వచ్చినా సరే. రద్దయిన ఆయతును ప్రతిలో ఎందుకు రాయిస్తున్నారని ఇబ్నుల్ జుబైర్ అడిగితే, ‘అబ్బాయీ, నేను దేన్నీ దాని చోటు నుంచి కదపను’ అని ఖలీఫా ఉస్మాన్ జవాబిచ్చారు. అమలులో లేదనుకున్న వాక్యం కూడా పాఠంలో నిలిచింది గనుకనే, ఆ రద్దు నిజమేనా అని తరువాతి వాళ్లు మళ్లీ అడగగలిగారు. పదిహేనవ శతాబ్దపు పండితుడు సుయూతీ రద్దయినవిగా సుమారు 20 ఆయతులను ఒప్పుకుంటే, పద్దెనిమిదవ శతాబ్దంలో ఢిల్లీకి చెందిన షా వలీయుల్లా ఆ లెక్కను 5కు దించాడు.

ఇక నన్ను నిజంగా విసిగించే విషయం ఒకటుంది. తన గ్రంథంలో వైరుధ్యం కనబడితే గూఢార్థం, పక్కవాడి గ్రంథంలో కనబడితే కల్పితానికి రుజువు. షోడశి పాత్రకు వికల్పం ఒప్పుకున్నవాడు సామెతల జంటవచనాలను చూసి నవ్వుతాడు. ఇబ్న్ అబ్బాస్ సమాధానంతో తృప్తిపడినవాడు యాస్కుని సమాధానం తప్పించుకోవడమంటాడు. పరాయి గ్రంథానికి వాడిన కొలతనే సొంత గ్రంథానికి వాడమంటే శ్రద్ధ లేదంటారు. కానీ సొంత గ్రంథం మీద అంత కఠినంగా మాట్లాడినవాళ్లు భాష్యకారులలోనే ఉన్నారు. సోమయాగంలో మేడికర్రతో చేసిన ఔదుంబరి స్తంభాన్ని తాకుతూ ఉద్గాత, అంటే సామగానం చేసే ఋత్విజుడు, గానం చేయాలని శ్రుతి. ఆ స్తంభాన్ని మొత్తం గుడ్డతో చుట్టాలని ఒక స్మృతి. మొత్తం చుట్టేస్తే ఇక తాకడం ఎలా? శ్రుతితో విరోధిస్తే స్మృతిని పక్కన పెట్టాలని మీమాంసా సూత్రకారుడు జైమిని సూత్రం. దానికి భాష్యం రాసిన శబరస్వామి అంతటితో ఆగక, ఆ గుడ్డ దక్కించుకోవాలనే లోభంతో ఎవరో స్తంభమంతా చుట్టి ఉంటారు, అదే స్మృతికి మూలమై ఉంటుందని రాశాడు. ఆ భాష్యానికి వ్యాఖ్య రాసిన కుమారిలభట్టు దీనికి ఒప్పుకోలేదు; ఆ స్మృతికి కూడా శ్రుతిమూలం ఉందనీ, గుడ్డ చుట్టినంత మాత్రాన తాకడానికి వీలు పోదనీ శబరుణ్ణే ఖండించాడు. ఒకే శాస్త్రం చదివేవాళ్లు ఇద్దరి మాటలూ చదువుతూ వచ్చారు. వాక్యాలు రెండూ మిగలాలని ఇంతసేపు వాదించిన నేను కుమారిలుని వైపు ఉండాలి. కానీ యాగం ముగిశాక ఆ గుడ్డ ఎవరి ఇంటికి చేరుతుందో ఆలోచిస్తే, ఈ ఒక్క చోట శబరుని మాటే నాకు నమ్మబుద్ధవుతుంది.